ఆపే ముందు అయిదు నిమిషాలు

పావగడలో బోరు బండి మాట వస్తే చాలు, చివరికి నా మీదికే తెచ్చేవాళ్లు. నడిచే లారీ ఇంజనుకు టర్బో తగిలించి నాశనం చేసిన మేస్త్రీ అని నాకు పేరు పెట్టారు. బస్టాండు దగ్గర టీ అంగట్లో అన్నారు, మడకశిర సంతలో అన్నారు, నా షెడ్డుకే బండి తెచ్చి నిలబెట్టుకొని నా ఎదురుగా కూడా అన్నారు. అన్నవాళ్లలో ఒక్కడు కూడా ఆ ఇంజను మూత విప్పి లోపలికి చూసిన పాపాన పోలేదు. స్పానరు ఏ చేత్తో పట్టుకోవాలో తెలియనివాళ్లు నాకు పిస్టన్ల గురించి పాఠాలు చెప్పారు.

నాకు కోపం ఎక్కువ. దాచుకోను. షెడ్డుకు వచ్చేవాళ్లు ముందు దూరం నుంచి నా మొహం చూసుకొని, ఆ తర్వాతే బండి లోపలికి తోసేవాళ్లు. కానీ ఈ విషయంలో నా కోపానికి కారణాలున్నాయి. అవి చెప్పాలంటే ఇంజను కంటే ముందు మా అక్క చేను గురించి చెప్పాలి.

మా అక్కను మా తాలూకాలోనే అరసికెరెలో ఇచ్చాము. నాలుగెకరాల ఎర్రనేల, వేరుశనగ తప్ప ఇంకో పంట ఎరగని నేల. అవి తొంభైల మొదటి ఏళ్లు. విత్తనం కాయలు వలిచి పెట్టుకొని ఆషాఢం నుంచి శ్రావణం దాకా మబ్బుల వైపు చూడటం, అదును దాటిపోయాక ఆ విత్తనాలే వేయించుకొని తినడం, ఏ ఇంట్లో చూసినా ఇదే. పడితే ఒక్క వాన పడేది. ఆశపెట్టి విత్తనం మట్టిలో వేయించి మళ్లీ మొహం చూపించేది కాదు. అది కూడా పడకపోతే కనీసం విత్తనమైనా మిగిలేది కదా అని నేను ఆకాశాన్ని కూడా తిట్టాను.

అందరూ బోర్ల మీద పడ్డారు. అక్కావాళ్లు రెండు వేయించారు. మొదటిది రెండు వందల ఎనభై అడుగులు, రెండోది మూడు వందల అరవై. రెండింట్లోనూ తెల్లటి రాతిపిండి తప్ప తడి అన్నది రాలేదు. మా బావ మెతకమనిషి, నోరు తెరిచి ఎవరినీ ఏమీ అనడు. ఆయన ఒకరోజు మా షెడ్డుకు వచ్చి టైరు మీద కూర్చున్నాడు.

"మూడోది వేసి చూస్తా. అదీ పోతే ఎద్దులమ్మేసి బెంగళూరు పోతాము. ఆడ కట్టడం పని ఉండాదంట," అన్నాడు.

"అక్క ఏమంటాది?"

"రానంటాది. చస్తే ఈ చేన్లోనే చస్తానంటాది. మీ అక్క సంగతి నీకు తెలీదా."

నాకు తెలియకపోవడమేమిటి. అమ్మ పోయాక నన్ను చంకనేసుకొని పెంచిన మనిషి ఆమె. ఆమె ఎవరి మేడలకో ఇటుకలు మోయడం నేను తలుచుకోలేకపోయాను. మూడో బోరులో నీళ్లు పడి తీరాలి. అప్పటి నుంచి నాకు తిండి మీద కూడా ధ్యాస లేదు.

భూగర్భ శాఖ ఇంజనీరు వచ్చి, నేలలోకి కరెంటు పంపే పెట్టెతో నీళ్ల జాడ చూసి చేన్లో ఒక చోట సున్నంతో గుర్తు పెట్టాడు. వేపపుల్ల పట్టుకొని నడిచి నీళ్లు చూపే ముసలాయన కూడా, ఆ సున్నం చెరిపేసి పిలిపిస్తే, వచ్చి సరిగ్గా అక్కడే నిలబడ్డాడు. వాళ్లిద్దరూ ఒక మాట మీద ఉండటం మా తాలూకాలో అంతకు ముందు ఎవరూ చూడలేదు. లోతు దగ్గర కూడా ఇద్దరిదీ ఒకటే మాట. నాలుగు వందల యాభై దాటాల.

ఆ లోతుకు దిగే బండి ఏదీ? తమిళనాడు వైపు నుంచి వచ్చే పెద్ద బండ్లు ఊళ్లో పది బోర్లుంటే తప్ప మా వైపు మలుపు తిరిగేవి కావు. పావగడలో ఉన్నది ఒక్కటే, వేరుశనగ మండీ నడిపే సావుకారుది. రెండు లారీలు. ఒకదాని మీద రంధ్రం వేసే యంత్రం, రాడ్లు. రెండోదాని మీద కంప్రెసర్, దాన్ని తిప్పడానికి ఒక పాత లారీ ఇంజను, ఆరు సిలిండర్లు వరసగా నిలబడినది. కంప్రెసర్ గాలిని రాడ్ల గుండా కిందికి తోస్తుంది. ఆ గాలే అడుగున సుత్తిని ఆడించి రాయి పగలగొడుతుంది, పగిలిన పిండిని పైకి చిమ్మేది కూడా ఆ గాలే. నాలుగు వందల అడుగుల దగ్గరికి వచ్చేసరికి ఆ ముసలి ఇంజను నల్లపొగ కక్కి, గసపెట్టి, ఇంక నా వల్ల కాదనేది.

సావుకారు నన్ను మండీకి పిలిపించాడు.

"ఏమప్పా మేస్త్రీ, కొత్త ఇంజను కొనాలంటే నేను మండీ అమ్ముకోవాల. ఉన్నదానికే ఏమన్నా చెయ్యి."

"టర్బో పెట్టొచ్చు," అన్నాను.

"అదేంది?"

కొలిమికి తిత్తి ఎట్లనో ఇంజనుకు అది అట్ల అని చెప్పాను. ఇంజను వదిలే పొగ ఊరికే పోకుండా ఒక చిన్న ఫ్యానును తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో వైపున్న ఫ్యాను బయటి గాలిని ఇంజను లోపలికి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ పోయొచ్చు, డీజిల్ ఎక్కువైతే బలం ఎక్కువ. ఆ డీజిల్ పోయడానికి పాత పంపు చాలదు, పాత నాజిళ్లు చాలవు, అవి కూడా మార్చాలి. అన్నీ విని సావుకారు అడిగిన మొదటి మాట, "పంపు మార్చకుండా కాదా?" అని.

అన్నిటికీ సరే అనిపించి చివర్లో నా మాట చెప్పాను. "కూలి నాకొద్దు. బండి లేచిన మొదటి రోజు మా అక్క చేనుకు రావాల. నీళ్లు పడేదాకా దిగాల."

"మీ అక్క నాకు చెల్లెలు కాదా?" అన్నాడు. వరసలు కలపడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

బెంగళూరు పోయి ఒక పెద్ద సర్వీసు షెడ్డులో ఇంజనీరును అడిగాను. నా లుంగీ చూసి, చేతిలో కాగితం మీద నేను గీసుకున్న బొమ్మ చూసి, నవ్వాడు. ఆ బ్లాకు టర్బో కోసం చేసింది కాదని, కొత్త ఇంజను కొనుక్కోమని కన్నడంలో చెప్పి పంపించాడు. నాకు ఒళ్లు మండింది. మా తాలూకాలో ఏది దేనికోసం చేసిందని? జీపు ఇంజను బావిలో నీళ్లు తోడుతుంది. బావి ఇంజను పిండి మర ఆడిస్తుంది. ఎద్దులబండికి లారీ చక్రాలుంటాయి. దేనికోసం చేశారో దానికే వాడుకొనేటట్లయితే మేము ఏనాడో ఊళ్లు ఖాళీ చేసి పోవాలి. ఇదంతా ఆయన ముందు అనలేకపోయాను, నాకు అంత కన్నడం కోపంలో రాదు. బస్సులో వచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చున్నాయనకు చెప్పాను. ఆయన తుమకూరులో దిగాల్సినవాడు, మధుగిరి దాకా విన్నాడు.

టర్బో హిందూపురం గుజిరీ అంగట్లో దొరికింది, పాత ఇనుము అమ్మేచోట. ఏదో లారీ బోల్తాపడితే వచ్చిందట. పైన వెండి రంగు పూసి కొత్తదానిలా పెట్టాడు. ఇరుసును వేళ్లతో పట్టి కదిపితే కదిలింది. కదలకూడదు. "అది అట్లనే ఉంటాది మేస్త్రీ," అన్నాడు ఆ అంగడాయన. అట్లనే ఉండదని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఇంకోటి దొరికే దారి లేదు కాబట్టి దాన్నే తెచ్చుకొని, లోపల ఇరుసును పట్టి ఉంచే బుష్షులు కంచుతో కొత్తవి తిప్పించాను. లేతు ఆడించే ఆయన చేత నాలుగు సార్లు తిప్పించాను. నాలుగోసారి ఆయన నా మీద బుష్షు విసిరాడు. అదే సరిపోయింది.

పిస్టన్లు ఆరూ మార్చాను. టర్బో ఇంజను పిస్టన్లకు నెత్తిన గుంట లోతు ఎక్కువ, లోపల ఒత్తిడి మరీ పెరగకుండా. సిలిండరు కొలత ఆ ఇంజనుకూ మా పాతదానికీ ఒకటే కావడం ఒక్కటే ఆ పనిలో దేవుడు చేసిన సాయం. సావుకారు వచ్చి, ఉన్న పిస్టన్లు బాగానే కనపడుతున్నాయి కదా అన్నాడు. పిస్టన్లు పెళ్లికూతురా చూసి నచ్చుకోవడానికి అని నేనన్నాను. మూడు రోజులు మా షెడ్డు వైపు రాలేదు, పని సాగింది.

డీజిల్ పంపు ఆరు కొమ్ములది, పాతదానికంటే లావు. బిగించే చోట వేలెడు తేడా వచ్చింది. మందం రేకు కోసి, మధ్యలో ప్లేటు చేసి కూర్చోబెట్టాను. ఏ సిలిండరుకు డీజిల్ ఎప్పుడు పడాలో సరిచూడటానికి మొదటి కొమ్ము దగ్గర పైపు తీసి, చుక్క ఎప్పుడు ఆగుతుందో చూస్తూ ఇంజనును చేత్తో వెంట్రుకంత వెంట్రుకంత తిప్పాలి. ఒక రోజంతా ఆ చుక్క వైపే చూశాను. మా ఇంటామె అన్నం తెచ్చి, పిలిచి, నేను పలకకపోతే పళ్లెం నేల మీద గట్టిగా పెట్టి వెళ్లిపోయింది. టర్బోకు నూనె పోయే పైపు మొదట రాగిది వేశాను. అదురుకు రెండు రోజుల్లో చీలింది. తర్వాత లారీ బ్రేకు పైపు లాంటి గట్టి రబ్బరుది తెప్పించాను. మొదటిసారి బలం పెట్టి చూసినప్పుడు హెడ్డు కింద గ్యాస్కెట్ ఎగిరిపోయింది. బజారు మొత్తానికి పండగైంది ఆ రోజు. ప్రతి ఒక్కడూ వచ్చి, "నేను ముందే అనుకున్న్యా," అన్నాడు. ముందే అనుకున్నవాడివి ముందే చెప్పి ఉండొచ్చు కదా. రాగిరేకుతో గ్యాస్కెట్ కోయించి మళ్లీ బిగించాను.

మూడోసారి లేచింది. మొదట మామూలుగానే ఆడింది. బలం పెట్టేకొద్దీ లోపల నుంచి సన్నగా ఒక ఈల మొదలై, పెరిగి పెరిగి బజారు చివరిదాకా వినపడింది. నల్లపొగ లేదు. కంప్రెసర్ ముల్లు నేను ఎప్పుడూ చూడని చోటికి పోయి కదలకుండా నిలబడింది. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. గుడ్డతో మొహం తుడుచుకొని, నూనె పడిందని చెప్పాను.

మా షెడ్డు పక్కన చెప్పులు కుట్టే ముసలాయన చెవి మీద చేయి పెట్టుకొని విన్నాడు. "ఏమప్పా, ఆడదాన్ని ఈల వేసి పిలిస్తే వస్తాదా? గంగమ్మ చెప్పు తీసుకొని కొడతాది," అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఇదే మాటను ఊళ్లవాళ్లు నిజం చేసి చెప్పుకుంటారని నాకు అప్పుడు తెలియదు.

టర్బోలో ఆ ఫ్యాను ఎంత జోరుగా తిరుగుతుందంటే, దాని ఇరుసు నూనె మీద తేలుతూ తిరగాల్సిందే. నూనె తోసేది ఇంజనే. బలంగా ఆడుతున్న ఇంజనును ఒక్కసారిగా ఆపితే నూనె ఆగిపోతుంది, ఫ్యాను మాత్రం ఆగదు, నూనె లేకుండా ఎర్రగా కాలిన ఇనుములో తిరుగుతుంది. అంతే దాని పని. అందుకని ఆపే ముందు అయిదు నిమిషాలు బలం తీసేసి ఊరికే ఆడించాలి. ఇది నేను లారీ పక్కపలక మీద తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి, జానెడు అక్షరాలతో పెయింటుతో రాయించాను. ఆపే ముందు అయిదు నిమిషాలు. సావుకారుకు అది చూసి కడుపు మండింది. "ఊరికే ఆడేదానికి డీజిల్ ఎవరిస్తారు, మీ తాతనా?" అన్నాడు. నూనె గానుగ ఎద్దును కూడా నీడలో నిలబెట్టి తర్వాత కదా విప్పుతారు అన్నాను. ఎద్దు డీజిల్ తాగదు అన్నాడు.

ఆ బండి డ్రైవరు బలసముద్రం మనిషి. గొర్రెలు మేపే ఇంట్లో పుట్టి, లారీలు తోలి, ఈ పనికి వచ్చాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి, ఇద్దరు పిల్లలు. ఒకసారి చెప్తే చాలు, మళ్లీ చెప్పాల్సిన పని లేదు. అతని దగ్గర గడియారం లేదు. ఒక బీడీ ముట్టించి, అది అయిపోయాక ఇంజను ఆపేవాడు. అంతకు ముందు ఏడాదే భార్య పోరు పడలేక బీడీలు మానేశాడట. "నీ టర్బో వల్ల మా ఇంట్లో నాకు కూడు బందయిందన్నా," అనేవాడు.

బండి లేచింది. మొదటి రోజు మా అక్క చేనుకు వచ్చిందా? తిరుమణిలో సావుకారు బావమరిది చేనుకు పోయింది. నేను మండీకి పోయి అడిగితే, అమావాస్య పోనీ అన్నాడు. అమావాస్య పోయింది. బలసముద్రంలో ఒకరికి మాట ఇచ్చానన్నాడు. నాకిచ్చింది మాట కాక మరేమిటి? నెల రోజులు, దినాం ఒక చేను, ఆ ఇంజనును నిలువునా కాల్చాడు. కదిలే ఇరుసు మీద కొత్త బుష్షులు వేసిన టర్బో అది. నేను మా అక్క కోసం కట్టినదాన్ని ఊళ్లో అందరికీ తిప్పి, చివర్లో మిగిలింది మా అక్కకు పెట్టాడు. ఆ కోపం నాకు ఈ రోజుకూ చల్లారలేదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. బోరులో నీళ్లు కనపడగానే ఇంజను ఆపేస్తారు. ఆ ఇంటి ఆడమనిషి పసుపు, కుంకుమ, రవికెగుడ్డ తెచ్చి రంధ్రం దగ్గర పెట్టి, టెంకాయ కొట్టి గంగమ్మను పిలుస్తుంది. గంగమ్మ చెవిన మొదట పడాల్సింది ఇంటి ఆడమనిషి గొంతు, ఇనుము రొద కాదు. గడ్డపారలతో బావులు తవ్విన కాలం నుంచీ వచ్చిన పద్ధతి. గడ్డపార ఎప్పుడు ఆపినా ఏమీ కాదు. మూడు వందల అడుగుల బోర్లలో కూడా చెల్లింది. ఆ నెలలో డ్రైవరు ఏం చేశాడంటే, నీళ్లు పడగానే సుత్తిని నాలుగు అడుగులు పైకి లేపించి, రంధ్రంలో బురదంతా గాలితో బయటికి పోయేదాకా ఆడించి, బలం తీసి, బీడీ ముట్టించి, అది అయ్యాకే ఆపేవాడు. తిరుమణిలో ఒక పెద్దాయన అతని మీదికి చెప్పు ఎత్తాడు. "గంగమ్మ ఇంట్లోకి వస్తాంటే ఎదురుగా బీడీ తాగుతావేందిరా," అని. డ్రైవరు చేతులు జోడించాడు, బీడీ మాత్రం పారేయలేదు. ఇది నాకు అక్కడ పని చేసినవాళ్లు చెప్పారు. విని నేను అతన్ని మెచ్చుకున్నాను. నా షెడ్డులో నేను ఒకరిని మెచ్చుకోవడం అరుదు.

ఆఖరికి అక్క చేనుకు వచ్చింది. నేను ఆ రోజు షెడ్డు మూసి అక్కడే ఉన్నాను. పొద్దున ఆరుకు మొదలైంది. ఎండ ఎక్కేసరికి మూడు వందలు దాటింది. నాలుగు వందలు దాటినప్పుడు డ్రైవరు రాడ్ల లారీ మీద నుంచి నా వైపు చూసి వేలు పైకెత్తాడు. ఇంజను గసపెట్టలేదు. ఈల మారలేదు. టర్బో పెంకు ఎండలో కూడా ఎర్రగా కనపడుతోంది. నేను ఇంజను పక్కనే నిలబడి చేయి పెట్టి అదురు చూసుకుంటున్నాను. మా బావ గట్టు మీద కూర్చొని ఒక్కొక్క రాడ్డు దిగినప్పుడల్లా ఒక గులకరాయి పక్కన పెడుతున్నాడు. అక్క పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

నాలుగు వందల డెబ్బై దాటాక పిండి తెలుపు మారింది. దుమ్ము ఎగరడం మానేసి ముద్దలు ముద్దలుగా పడింది. ఆ తర్వాత ఒక్కసారిగా నీళ్లు, బురద, చిన్న రాళ్లు కలిసి తాటి ఎత్తు లేచి మా అందరి మీదా పడ్డాయి. చల్లగా ఉన్నాయి. అంత ఎండలో అంత చల్లటి నీళ్లు నేను ఎరగను. మా బావ గులకరాళ్లు వదిలేసి లేచి నిలబడి ఏడుస్తున్నాడు.

అక్క పసుపు కుంకుమ పళ్లెం పట్టుకొని బురదలో పరుగెత్తుకుంటూ వచ్చింది. డ్రైవరు వైపు పోలేదు. నా దగ్గరికి వచ్చింది. జుట్టంతా తడిసి మొహానికి అతుక్కుపోయింది.

"ఆపప్పా. ఒక్క గడియ ఆపు. అమ్మను పిలవనీ," అంది.

రాడ్ల లారీ మీద నుంచి డ్రైవరు నాకు చేయి అడ్డంగా ఊపాడు. అయిదు వేళ్లు చూపించాడు. నేను చూశాను. చూడలేదని చెప్పను. నా కళ్ల ముందు, లారీ పక్కపలక మీద, నేను రాయించిన జానెడు అక్షరాలు కూడా ఉన్నాయి. నాకు ఇంజను గుర్తు లేదు, ఇరుసు గుర్తు లేదు. అమ్మ పోయిననాడు నన్ను ఎత్తుకున్నప్పుడు మా అక్క మొహం ఎట్లుందో అట్లుంది, అది ఒక్కటే తెలుసు. స్టాప్ తీగ పట్టుకొని లాగేశాను.

అంతా నిశ్శబ్దమైపోయింది. అక్క టెంకాయ కొట్టి, గొంతెత్తి పిలిచింది. రవికెగుడ్డ పెట్టి బురదలోనే సాష్టాంగపడింది. నేను కూడా దండం పెట్టుకున్నాను. డ్రైవరు మాత్రం కిందికి దూకి వచ్చి ఇంజను పక్కన నిలబడ్డాడు.

మళ్లీ లేపితే ఈల రాలేదు. ఇనుము మీద ఇనుము గీరే కూత వచ్చింది, తెల్లటి నూనె పొగ చేనంతా కమ్మింది. కంప్రెసర్ ముల్లు సగంలోనే నిలబడిపోయింది. ఈలోగా రంధ్రంలో గాలికి లేచి ఉన్న బురద, రాళ్లు సుత్తి మీద దిగి కూర్చున్నాయి. వాటిని ఎగరగొట్టే గాలి మా దగ్గర లేదు. రాడ్లు తిరగలేదు, లేవలేదు.

మధ్యాహ్నానికి సావుకారు జీపులో వచ్చాడు. దిగుతూనే, "ఎవడప్పా ఆపింది?" అన్నాడు.

నేను ముందు నోరు తెరిచాను. "నీ డ్రైవరు ఉండాడు కదా, అడుగు. ఆపే ముందు అయిదు నిమిషాలని ఇంతింత అక్షరాలు రాయించి పెట్టినా. చదువు రాదా వానికి?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. కానీ అరుస్తున్నకొద్దీ నాకే నిజమనిపించింది.

డ్రైవరు నా వైపు చూశాడు. తర్వాత బురదలో నిలబడి ఉన్న అక్క వైపు చూశాడు. "పొరపాటైపోయిందయ్యా," అన్నాడు సావుకారుతో. సావుకారు అక్కడికక్కడే తాళాలు తీసుకొని అతన్ని పంపించేశాడు. మూడు మైళ్లు నడిస్తే గానీ బస్సు రోడ్డు రాదు, నడిచి పోయాడు. అక్క ఆ పళ్లెం చేతిలో పట్టుకొనే ఉంది.

బయటి నుంచి ఇంకో బండి కంప్రెసర్ తెచ్చారు, జాకీలు పెట్టారు, మూడు రోజులు లాగారు. రాడ్లు మధ్యలో తెగి, సగం పైకి వచ్చాయి. మిగతా సగం, సుత్తి, లోపలే ఉండిపోయాయి. రంధ్రం పూడిపోయింది. మా అక్క నీళ్లు చూసింది, తడిసింది, అంతే.

ఆ తర్వాత నాకు కోపం తప్ప వేరే పని లేదు. నెల రోజులు మాట తప్పిన సావుకారును తిట్టాను. వెండి రంగు పూసి అమ్మిన అంగడాయనను తిట్టాను. ఈలకు గంగమ్మ అలిగిందని చెప్పుకొనేవాళ్లను ఇంటింటికీ పోయి తిట్టాను. ఎవరు అడిగినా, డ్రైవరు ఒక్కసారిగా ఆపేశాడని చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు.

దసరా ముందు మా బావ ఎద్దులమ్మేశాడు. బస్టాండులో అక్క మూటలు పెట్టుకొని బెంగళూరు బస్సు కోసం నిలబడి ఉంది. నేను అక్కడా మొదలుపెట్టాను, సావుకారు ఇట్లా చేశాడు, ఆ డ్రైవరు అట్లా చేశాడు అని, పక్కన నిలబడినవాళ్లందరికీ వినపడేటట్లు.

"ఇంగ చాలప్పా," అంది అక్క. "ఆపమన్నది నేను. తీగ లాగింది నువ్వు. అక్కాతమ్ముళ్లమని ఆ పిల్లోడు నోరు మూసుకున్నాడు. నేనన్నా ఆ పొద్దు నోరు తెరవాల్సింది, నీ మొగం చూసి తెరవలేదు. నీళ్లు పోయినాయని నాకు ఏడుపు రాలే. దీనికి వచ్చింది." బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక కూడా నా వైపు చూడలేదు.

మూడు రోజులకు నేను బలసముద్రం పోయాను. డ్రైవరు లేడు. తమిళ బండ్ల వెంట ఎక్కడో ఉత్తర దేశం పోయాడట, ఆరు నెలలకు గానీ రాడట. అతని భార్య నన్ను గుర్తుపట్టి, చాప వేసి, చెంబుతో నీళ్లిచ్చింది. నేను తాగుతుంటే ఎదురుగా నిలబడి తలవంచుకొని చెప్పింది.

"మా ఆయన వల్ల మీ అక్కకు నీళ్లు పోయినాయి. మీకు మొగం చూపించలేక ఊరొదిలి పోయినాడు. మనసులో పెట్టుకోవద్దన్నా."

భార్యకు కూడా నిజం చెప్పలేదు. చెంబు కింద పెట్టాను. "ఆపింది మీ ఆయన కాదమ్మా. నేను," అన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె తిడుతుందని, ఏడుస్తుందని అనుకున్నాను. అలాంటిదేమీ చేయలేదు.

"ఈ మాట సావుకారుకు చెప్పినావా అన్నా?"

"లేదమ్మా."

"అయితే నాకు చెప్తే ఏమొస్తాది. పోయి ఆయప్పకు చెప్పు." చెంబు తీసుకొని లోపలికి పోయింది.

అక్కడి నుంచి నేరుగా మండీకే వచ్చాను. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ వచ్చాను. కొత్త కాయలు వచ్చే రోజులు, మండీ నిండా రైతులు, హమాలీలు ఉన్నారు. సావుకారు గద్దె మీద నుంచి నన్ను చూసి, "రాప్పా మేస్త్రీ, ఇంగ దేనికి ఈల పెడతావు?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చేసింది. మాట తప్పి నెల రోజులు తిప్పినందుకే ఆ టర్బో పోయిందని, మా అక్క ఉసురు ఊరికే పోదని, నోటికి వచ్చినన్ని అన్నాను. చెప్పాల్సింది తప్ప అన్నీ చెప్పి షెడ్డుకు వచ్చేశాను.

సావుకారు ఆ తర్వాత ఇంకో ఎనిమిదేళ్లు బతికి ఉన్నాడు. రోజూ మా షెడ్డు ముందు నుంచే మండీకి పోయేవాడు.